వెనక్కి తిప్పండి

"వెనక్కి తిప్పండి" అంటాను ముందుగా,
ప్రతి వీడియోలోనూ అదే నా నమస్కారం.
ఫోను మినపప్పు డబ్బాకి ఆనించి పెడుతుంది భాగ్యరేఖ.
డబ్బా జారిందంటే నేను మాయమై
మా ఇంటి దూలం కనపడుతుంది, బూజుతో సహా.
అది కిసుక్కున నవ్వుతుంది. ఆ నవ్వు కూడా రికార్డయిపోతుంది.
తీసెయ్యం.

పేకెట్టు ముందువైపు అరటిపండు.
రావులపాలెం యార్డులో వంద గెలలు వెతికినా
దొరకనంత పసుపు.
వెనక్కి తిప్పి వెతకండి దాన్ని.
తొమ్మిదో పేరు. అదీ వాసన మాత్రమే.

అక్షరాలు ఆవగింజలు.
మా మావగారి కళ్లద్దాలు అడిగి తెచ్చుకుంటాను నేను.
అవి లేనివాళ్లు ఫొటో తీసి
రెండు వేళ్లతో సాగదీయండి, జీళ్ల పాకంలాగా.
ఏ పేరు ముందుంటే దాని బరువు ఎక్కువ.
ఇది పెళ్లి బంతి కాదండి,
పెద్దవాళ్లని ముందు కూర్చోబెట్టడానికి.
తూచి నిలబెట్టిన వరస.
పంచదార ఒక్కోసారి సొంత పేరుతో రాదు,
అప్పున్నవాడు సందు మార్చి నడిచినట్టు
సిరప్పులాగో, ఇంకో నోరు తిరగని పేరుతోనో
మూడు చోట్ల దూరి కూర్చుంటుంది.

"ఒకసారి తినడానికి ముప్పై గ్రాములు" అని ఉంటుంది.
గిన్నెలో పోసి చూపించాను ముప్పై గ్రాములు.
మా బుడ్డోడు తొంగి చూసి
"మిగతాది ఎవరిదే?" అన్నాడు.
ఆ ఒక్క ముక్కా అంకంపాలెం దాకా పోయింది.

లొల్ల లాకుల దగ్గర చేపల మరియమ్మ గారు
బుట్ట దించి మరీ అడిగింది:
"ఉప్పు ఎక్కడ రాత్తారమ్మా? మా ఆయనకి బీపీ."
"సోడియం అని ఉంటుందండి."
"ఉప్పని రాత్తే ఏం పోయింది ఆళ్లకి?"
నాకు తెలియలేదు.
ఇప్పటికీ తెలియదు.

మొన్న మంగళవారం ఒకావిడ
ఎండలో నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని
సంచిలోంచి ఒక పెట్టె తీసింది.
"అన్నీ చదువుతావు కదా, ఇదీ చదివి పెట్టు.
మనవరాలికి పంపాలి."
మా పెట్టే.
మా తోడికోడలు మంగతాయారు చేసే పూతరేకులు.
ముందువైపు బేరేజీ బొమ్మ, నీళ్లు మరీ నీలంగా.
వెనకవైపు మూడే మాటలు:
బియ్యం, పంచదార, నెయ్యి.

నాలుగో మాట మెట్ల కింద ఉంది,
గోనె కప్పిన డబ్బాలో.
కార్తీకం నుంచీ సగానికి సగం.
ఆ రేకులు మడత పెట్టింది నా వేళ్లే.
నెయ్యి వేలి వేడికే జారిపోతుంది.
వనస్పతి పోదు, సబ్బు పెట్టినా
గోటి అంచున తెల్లగా ఉంటుంది.

కళ్లద్దాలు లోపల మర్చిపోయానన్నాను ఆవిడతో.
నెత్తి మీదే ఉన్నాయి.
ఆవిడ చూసింది. ఏమీ అనలేదు.

రాత్రి మంగతాయారుకి చెప్పాను.
కోప్పడలేదు.
పిండిలో ముంచిన గుడ్డ కుండ వీపు మీద ఒక్క లాగు లాగి,
లేచిన పొరని చిటికెతో తీసి, అప్పుడంది:
"అచ్చం నెయ్యయితే పెట్టెకి నలభై పెంచాలి.
పెంచితే రోడ్డు మీద కారు ఆగదు.
ఈ మాట ఏ అట్ట మీద అచ్చేయించమంటావు?"
పొయ్యిలో కొబ్బరి మట్ట చిటపటమంది.
ఇద్దరం దాని వంకే చూశాం.

ఇవాళ మామూలు వేళకే ఫోను నిలబెట్టాం.
నా చేతిలో బిస్కెట్లు లేవు, అటుకుల పేకెట్టు లేదు.
మా పెట్టె.
గుమ్మంలో మంగతాయారు, మోచేతుల దాకా పిండి.
ఎర్రచుక్క వెలిగింది.
"వెనక్కి తిప్పండి" అన్నాను.
తిప్పాను.
బియ్యం అన్నాను. పంచదార అన్నాను.
తరవాత మాట గొంతు దాటలేదు.

డబ్బా జారింది.
ఫోను నిండా మా ఇంటి దూలం.
ఈసారి భాగ్యరేఖ నవ్వలేదు.

మంగతాయారే వచ్చింది.
తడి చెయ్యి చీరకి తుడుచుకుని
ఫోను తీసి, డబ్బా సర్ది, మళ్లీ నిలబెట్టింది.
పక్కకి తప్పుకోలేదు.